గ్లకోమా ఉన్నవాళ్లకి మసక వెలుతురులో ఇలాగే ఉంటుందా?

మా అమ్మకి గ్లకోమా, అదే నీటికాసులు, కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు. రోజూ రాత్రి లాటనోప్రోస్ట్ చుక్కలు వేస్తున్నాం. కంటి ప్రెషర్ 26 నుంచి 16కి దిగింది, బాగుందన్నారు డాక్టరుగారు. కానీ అమ్మ ఇబ్బందులు అలాగే ఉన్నాయి. ఎండలోంచి ఇంట్లోకి వస్తే చాలాసేపు ఏమీ కనపడదంటుంది. పక్కనుంచి వచ్చే బండి దగ్గరికొచ్చేదాకా తెలియదు. మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు అందక తడబడుతోంది. అక్షరాల చార్టు మాత్రం కింది వరుస దాకా చదివేస్తుంది, అందుకే ఇంట్లో ఎవరూ నమ్మరు!

పోయిన చూపు తిరిగి రాదని తెలుసు. మీలో గ్లకోమా ఉన్నవాళ్లకి కూడా ఇలాగే ఉంటుందా? ప్రెషర్ అదుపులో ఉన్నా పక్కచూపు తగ్గిందా? ఫీల్డ్ టెస్టు, అదే పక్కచూపు ఎంత ఉందో చూసే పరీక్ష, ఎన్నాళ్లకోసారి చేయిస్తున్నారు? మెట్ల అంచులకి పసుపు టేపు అంటిద్దామనుకుంటున్నాను, ఎవరికైనా పనికొచ్చిందా?