60 కార్డుల డెక్కుల ఒక్క కాపీ కార్డులకు చోటు ఇవ్వాల్నా, వద్దా? (డ్రాగాపల్ట్ ఎక్స్ మీద చర్చ)

సుబేదారి60:
వచ్చే హైదరాబాద్ టోర్నమెంటుకు హనుమకొండ, కాజీపేట నుంచి పోయేటోళ్ళల్ల చాలామంది పోకెమాన్ టీసీజీల (పోకెమాన్ కార్డుల ఆట) డ్రాగాపల్ట్ ఎక్స్ అనే పోకెమాన్ మీద నడిచే డెక్కే కడుతున్నరు. గ్రూపుల పెట్టిన లిస్టులు చూస్తే ప్రతిదాంట్ల ఒక్కో కాపీ చొప్పున ఏడెనిమిది కార్డులు కనబడుతున్నయి. "అవసరం పడితే పనికొస్తది" అని పెట్టినవే అన్నీ. నా వాదన ఏందంటే, కార్డు ఎంత గొప్పదని చూసి కాపీలు లెక్క కట్టొద్దు. ఏ టర్న్‌ల చేతిల ఉండాల్నో చూసి కట్టాలె.

ముందు గట్టి పునాది 46 కార్డులు. డ్రీపీ 4, దాని మీద ఎక్కే డ్రాక్లోక్ 4, ఆఖరుకు ఎక్కి దాడి చేసే డ్రాగాపల్ట్ ఎక్స్ 3, బడ్యూ 2, మంకిడోరి 1, ఫెజాండిపిటి ఎక్స్ 1. సపోర్టర్లల్ల (టర్న్‌కు ఒక్కటే ఆడే సాయం కార్డులు) లిల్లీస్ డిటర్మినేషన్ 4, క్రిస్పిన్ 3, బాసెస్ ఆర్డర్స్ 3. ఐటమ్‌లు: బడ్డీ-బడ్డీ పాఫిన్ 4, అల్ట్రా బాల్ 4, నైట్ స్ట్రెచర్ 3, రేర్ క్యాండీ 2, ఏస్ స్పెక్ 1 (నిబంధన ప్రకారం డెక్కుకు ఒక్కటే). ఎనర్జీ: సైకిక్ 3, ఫైర్ 3, డార్క్ 1. మిగిలేది 14 సీట్లు. ఆ 14ల నేనైతే చేతిని మార్చే సపోర్టర్లు ఇంకో 4, రేర్ క్యాండీ ఇంకో 2, స్విచ్ 2, స్టేడియం 2, బేసిక్ (సీదా దించే పోకెమాన్) వెతికే బాల్ 2, మంకిడోరి ఇంకొకటి, సైకిక్ ఎనర్జీ ఇంకొకటి పెడత. కొత్త పేరుతోని ఒంటరి కార్డు ఒక్కటి కూడ రానియ్య.

ఎందుకంటే, మొదటి టర్న్‌ల మనం చూసేది 8 కార్డులు: చేతిల 7, డ్రా చేసింది 1. పాఫిన్ నాలుగు ఉంటే ఆ 8ల కనీసం ఒకటి ఉండే అవకాశం 44.5 శాతం. ఒకటి తీసి టెక్ కార్డు (ఏదో ఒక రకం డెక్కు కోసమే పెట్టే ఒంటరి కార్డు) పెడితే 35.4కు పడిపోతది. ఒక్క సీటుకు 9 శాతం పోగొట్టుకున్నట్టు. పోయేది కూడ రెండు డ్రీపీలను ఒకేసారి బెంచి (ముందర నిలబడ్డ పోకెమాన్ వెనుక వరుస) మీద దించే కార్డు.

కాజీపేట_జంక్షన్:
అన్నా, లెక్క కరెక్టే, కాని అది ఎవరితోని ఆడుతున్నమో తెల్వనప్పటి లెక్క. మన దిక్కు నుంచి పోయేటోళ్ళ డెక్కులు మనకు తెలుసు, సగం మంది డ్రాగాపల్టే. అంటే మీకు మిర్రర్ మ్యాచులు (ఇద్దరిదీ ఒకే రకం డెక్కు) పడుడు ఖాయం. అసొంటి కాడ రెల్లర్ 1, దాని మీద ఎక్కే రాబ్స్కా 1 పెడితే ఆట మొత్తం మారుతది.

డ్రాగాపల్ట్ దాడి ఫాంటమ్ డైవ్ ముందున్న పోకెమాన్‌ను 200 కొడుతది, బెంచి మీద 6 డ్యామేజ్ కౌంటర్లు (ఒక్కోటి 10 దెబ్బ) ఇష్టమున్నట్టు పెడతది. చాలామంది షేమిన్ అనే పోకెమాన్‌ను పెట్టుకుని బెంచి భద్రం అనుకుంటున్నరు. షేమిన్ ఆపేది దాడి డ్యామేజీని మాత్రమే, కౌంటర్లు పెట్టుడు దాడి ఎఫెక్టు కింద వస్తది. డ్రాగాపల్ట్ టెరా పోకెమాన్ కాబట్టి బెంచి మీద ఉన్నప్పుడు దాని మీద దాడి డ్యామేజీ పడదు, అయినా ఈ కౌంటర్లు దాని మీద కూడ పడతయి. రాబ్స్కా డ్యామేజీనీ, ఎఫెక్టునూ రెండింటినీ ఆపుతది. అది బెంచి మీద కూసుంటే అవతలోని ఫాంటమ్ డైవ్ ఉత్త 200 దెబ్బే. రెండు సీట్లకు ఇంత లాభం ఇంకేది ఇస్తది?

వెండితీగ_కరీంనగర్:
ఇద్దరూ ప్రైజ్ కార్డుల సంగతి వదిలేసిన్రు. ఆట మొదట్ల 6 కార్డులు ప్రైజ్ కింద (అవతలి పోకెమాన్‌ను పడగొట్టినప్పుడే చేతికి వచ్చేవి) పోతయి. ఏ ఒక్క కాపీ కార్డైనా అందులో చిక్కే అవకాశం 10 శాతం. 1-1 లైనుకు రెల్లర్, రాబ్స్కా రెండూ కావాలె, ఏదో ఒకటి ప్రైజ్‌లల్ల ఉండే అవకాశం 19.2 శాతం. అంటే దాదాపు ఐదు ఆటలల్ల ఒకదాంట్ల ఆ లైను మొదలు గాకముందే ఆగిపోతది.

ఇదే లెక్క డ్రాగాపల్ట్ ఎక్స్‌కు వేసి చూడున్రి. కొందరు సీటు మిగలాలని మూడు కాపీలను రెండు చేస్తున్నరు. మూడు ఉంటే రెండు కన్నా తక్కువ మిగిలే అవకాశం 2.4 శాతమే. రెండే పెడితే అది 19.2. టెక్ కార్డులు పెట్టుకోవాలంటే పెట్టుకోన్రి, కాని వాటి కోసం దాడి చేసే పోకెమాన్‌ను మాత్రం తగ్గించకున్రి.

ఇంకోటి, సుబేదారి అన్న పునాదిల బేసిక్‌లు 8. మొదటి 7 కార్డులల్ల ఒక్క బేసిక్ కూడ రాకుండ చెయ్యి మళ్ళ కలుపుకునే అవకాశం 34.6 శాతం. కలిపిన ప్రతిసారి అవతలోడు ఒక కార్డు ఎక్కువ తీసుకోవచ్చు. మంకిడోరి ఇంకొకటి పెడితే 9 బేసిక్‌లు, 30 శాతం. 10 అయితే 25.9, 12 అయితే 19.1. కాజీపేట తమ్మి చెప్పిన రెల్లర్ కూడ బేసిక్కే కాబట్టి ఆ మేరకు లాభమే. కాని చేతిల ఒక్క రెల్లరే వస్తే దాన్నే ముందర నిలబెట్టాలె, అది మాత్రం చెడ్డ మొదలు.

సుబేదారి60:
@కాజీపేట_జంక్షన్ రాబ్స్కా కూసునేసరికి ఎంత ఖర్చో చూడున్రి. మొదటి టర్న్‌ల పాఫిన్‌తోని రెల్లర్‌ను దించాలె. అంటే ఆ పాఫిన్‌తోని రెండు డ్రీపీలు గాదు, ఒక్కటే వస్తది. రెండో టర్న్‌ల రాబ్స్కా కోసం అల్ట్రా బాల్ ఆడాలె, దానికి చేతిల నుంచి ఇంకో రెండు కార్డులు పారెయ్యాలె. ఉన్న ఐదు బెంచి సీట్లల్ల ఒకటి దానికే పోయె. ఇదంతా అయినంక అవతలోడు బాసెస్ ఆర్డర్స్ ఆడి రాబ్స్కాను ముందుకు గుంజి 200 కొడితే అది నిలవదు. ఆ ఒక్క దాడికి బెంచి బతుకుతది, మళ్ళ టర్న్ నుంచి కవచం లేదు.

మంకిడోరి సంగతైతే ఇంకా పెద్దది. డార్క్ ఎనర్జీ పెట్టుకున్న మంకిడోరి తన దిక్కున్న 3 కౌంటర్ల దాకా తీసి అవతలి పోకెమాన్ మీద పెడతది. అది ఎబిలిటీ (పోకెమాన్‌కు ఉండే సొంత శక్తి), దాడి కాదు. రాబ్స్కా దాన్ని ఆపదు. అందుకే రెండో మంకిడోరి నాకు ఏ టెక్ కన్నా ఎక్కువ. డ్రీపీకి 70 హెచ్‌పీ (ప్రాణం), ఫాంటమ్ డైవ్ కౌంటర్లు 6 అంటే 60. డ్రీపీ 10 హెచ్‌పీతోని బతికిపోతది. మంకిడోరి ఒక్క కౌంటర్ జరిపితే పని అయిపోయినట్టే.

కాజీపేట_జంక్షన్:
అట్లయితే మీ పునాదిల బడ్యూ రెండు ఎందుకన్నా? బడ్యూకు 30 హెచ్‌పీ. రెండూ బెంచి మీద ఉంటే ఫాంటమ్ డైవ్ ఆరు కౌంటర్లు మూడు మూడు పంచి రెండిట్నీ లేపేస్తది, ఒక్క దాడికి బెంచి నుంచే రెండు ప్రైజ్‌లు. మిర్రర్ ఎక్కువ ఉన్న చోట రెండో బడ్యూ అవతలోనికి ఇచ్చే కట్నమే.

ఒక్క కాపీ కార్డు దొరకదన్న మాటకు కూడ జవాబు ఉంది. డ్రాక్లోక్ రెండు కూసున్నంక ప్రతి టర్న్‌ల ఒక్కోటి పై రెండు కార్డులు చూసి ఒకటి చేతికి ఇస్తది. అంటే డ్రాతోని కలిపి టర్న్‌కు 5 కార్డులు కండ్లబడతయి. ఈ డెక్కుల ఒంటరి కార్డు ఊకె దాక్కోదు. ఏమీ వెతకలేని డెక్కుకు మీ మాట ఒప్పుకుంట, డ్రాగాపల్ట్‌కు ఒప్పుకోను.

మంచిర్యాల_మల్లన్న:
డ్రాక్లోక్ మాట వచ్చింది కాబట్టి ఆడే వరుస గురించి చెప్పాలె, ఇక్కడ్నే ఎక్కువ ఆటలు చెడుతున్నయి. డ్రాక్లోక్ చూపెట్టిన రెండిట్ల ఒకటి చేతికి, ఇంకోటి డెక్కు అడుక్కు. రెండూ కావాల్సినవే వస్తే అడుక్కు పోయింది మళ్ళ దొరకాలంటే డెక్కు కలపాలె. మామూలుగ బాల్ ముందు ఆడి, అక్కర లేని బేసిక్‌లను డెక్కుల నుంచి తీసేసి, అప్పుడు డ్రాక్లోక్ వాడుతరు. కాని చేతిల అల్ట్రా బాల్ ఒక్కటే ఉండి, ఒంటరి కార్డు కోసం తవ్వుతున్నట్టయితే డ్రాక్లోక్ ముందు, బాల్ తర్వాత. బాల్ ఆడినంక డెక్కు ఎట్లైనా కలుపుతం, అడుగున పడ్డది మళ్ళ మధ్యలకు వస్తది.

రేర్ క్యాండీ నాలుగు అన్న దానికి కూడ కారణం ఇదే. డ్రాక్లోక్ మీద డ్రాగాపల్ట్ ఎక్కిస్తే ఆ చూసే ఎబిలిటీ పోతది. డ్రీపీ మీద నుంచి క్యాండీతోని సీదా ఎక్కిస్తే రెండు డ్రాక్లోక్‌లు అట్లనే ఉంటయి. చాలామంది క్యాండీని తొందర కోసమే అనుకుంటరు. నా లెక్కల 3 సరిపోతది: ఆ టర్న్ దించిన డ్రీపీ మీద క్యాండీ చెల్లదు, అందుకే మొదటి టర్న్‌ల చేతిల క్యాండీలు ఎక్కువైతే కుక్కినట్టయి పనికిరావు.

క్రిస్పిన్ 3 మాత్రం ముట్టొద్దు. ఫాంటమ్ డైవ్‌కు ఫైర్ ఒకటి, సైకిక్ ఒకటి. క్రిస్పిన్ రెండు వేరువేరు బేసిక్ ఎనర్జీలు తెచ్చి ఒకటి పోకెమాన్‌కు పెడతది, ఇంకోటి చేతికి ఇస్తది. చేతిదాన్ని ఆ టర్న్ అటాచ్‌మెంట్‌గ పెడితే ఒక్క టర్న్‌లనే దాడి. అందుకే 7, 8 ఎనర్జీతోని డెక్కు నడుస్తది. క్రిస్పిన్‌ను 2 చేసి ఎనర్జీని 10 చేసినోళ్ళ చేతిల చివరికి ఫైరే ఫైరు, సైకిక్ ఉండదు.

బుడ్డోడు_వరంగల్:
అన్నలందరికీ నమస్తే. నేను కొత్త. ఇన్ని రకాలు కొని ఎట్ల పరీక్ష చేసుడు? బొమ్మల దుకాణాలల్ల బంగారు రంగు పాకెట్లు చవకగ దొరుకుతున్నయి, అవి ఆడనిస్తరా?

వెండితీగ_కరీంనగర్:
తమ్మీ, ఆ బంగారు కార్డులు నకిలీవి, ఏ టోర్నమెంటుల కూడ చెల్లవు. కొనకు. అసలు కార్డు మందంల సన్నటి నల్ల పొర ఉంటది, టార్చి పెట్టి చూస్తే వెలుతురు అంత ఈజీగ దాటదు. నకిలీ వాటిల అక్షరాల మందం, వెనుక నీలం రంగు తేడా కొడుతది.

ఇంట్ల పరీక్షకు మాత్రం జిరాక్స్ చాలు. కార్డు సైజు 63 గుణకం 88 మిల్లీమీటర్లు, ఏ4 కాగితం మీద 9 పడతయి. 60 కార్డులకు 7 కాగితాలు. ప్రింటు తీసేటప్పుడు "పేజీకి సరిపెట్టు" అన్నది తీసెయ్యి, లేకుంటే సైజు తగ్గుతది. కత్తిరించి, ఆ ముక్కను స్లీవ్‌ల (కార్డు తొడుగు) ఏదన్న పాత ఎనర్జీ కార్డుకు ముందర పెట్టు. టోర్నమెంటుకు పోయేటప్పుడు ఇవి నడవవు, అసలువే కావాలె. కొనేముందు కార్డు కింది ఎడమ మూల ఉన్న అక్షరం ఆ ఫార్మాట్‌ల చెల్లుతదా చూసుకో. అల్ట్రా బాల్, రేర్ క్యాండీ అసొంటివి పాత ముద్రణవి ఉన్నా పర్వాలేదు, అదే కార్డు చెల్లే అక్షరంతోని మళ్ళ అచ్చయి ఉంటే చాలు.

వానాకాలం ఇంకో ఇబ్బంది: ఫాయిల్ కార్డులు తడి గాలికి వంగుతయి. ఏస్ స్పెక్ ఒక్కటే ఫాయిల్ ఉండి వంగితే డెక్కు కట్ చేసేటప్పుడు సరిగ్గ అక్కడ్నే విరుగుతది. జడ్జి దాన్ని గుర్తుపట్టే కార్డు కింద లెక్క కడతడు. డబ్బాల సిలికా జెల్ పొట్లం వేసి పెట్టు.

సుబేదారి60:
బడ్యూ గురించి కాజీపేట తమ్ముడు అన్నదాంట్ల పస ఉన్నది, కాని దాన్ని ఒకటి చేస్తే ముందర బడ్యూతోని మొదలు పెట్టే అవకాశం తగ్గుతది. అది 10 కొట్టి అవతలోని ఐటమ్‌లను ఒక టర్న్ ఆపుతది, ఎనర్జీ కూడ అక్కర లేదు. అంటే అవతలోనికి పాఫిన్, క్యాండీ, బాల్ ఏదీ లేదు. రెండు పెట్టాలె, బెంచి మీద మాత్రం రెండోది దించొద్దు. చేతిల ఉంచుకోని అల్ట్రా బాల్‌కు పారెయ్యాలె.

టెక్ మీద నా మాట అదే. పోకెమాన్‌ల సైడ్‌బోర్డ్ లేదు. మ్యాజిక్‌ల 15 కార్డులు పక్కన పెట్టుకోని రెండో గేమ్‌కు మారుస్తరు. ఇక్కడ లిస్టు ఇచ్చినంక చివరి రౌండ్ దాకా అవే 60. మిర్రర్ కాని ప్రతి రౌండుల రెల్లర్, రాబ్స్కా ఉత్త బరువే.

కాజీపేట_జంక్షన్:
మిర్రర్ సగం రౌండ్లల్ల వస్తదని నా అంచనా కాబట్టి ఆ బరువు నేను మోస్త. అంచనా తప్పయితే మీ లిస్టే మేలు, అది ఒప్పుకుంట. అందుకే ముందు పరీక్ష చేద్దాం. రెండు లిస్టులూ జిరాక్స్ తీసి ఒక్కోదానితోని 30 చేతులు: 7 తియ్యాలె, 6 ప్రైజ్ పెట్టాలె, ఎదుటోడు లేకుండ మూడు టర్న్‌లు ఆడాలె. రాసుకునేటివి మూడే: రెండో టర్న్ అయిపోయేసరికి డ్రాక్లోక్‌లు ఎన్ని కూసున్నయి, మూడో టర్న్‌ల ఫాంటమ్ డైవ్ పడ్డదా, చేతిల ఏ కార్డు పనికి రాకుండ మిగిలింది. మొదటి సారి డెక్కు వెతికినప్పుడు ప్రైజ్‌లల్ల ఏం పోయినయో లెక్క పెట్టుడు కూడ అలవాటు చేసుకోన్రి: ముందు ఏస్ స్పెక్, తర్వాత ఒంటరి కార్డులు, ఆఖర్న ఫైర్ ఎనర్జీ. బెస్ట్ ఆఫ్ త్రీకి 50 నిమిషాలే కాబట్టి ఆ లెక్క అర నిమిషంల అయిపోవాలె.

మంచిర్యాల_మల్లన్న:
30 చేతులల్ల రెండు డ్రాక్లోక్‌లు 18 సార్ల కన్నా తక్కువ కూసుంటే ఆ లిస్టుల టెక్ తియ్యాల్సిందే, అది నా గీత. ఎవరు ముందు చేస్తే వాళ్ళు మూడు లెక్కలూ ఇక్కడ్నే రాయున్రి, పోయిన ప్రైజ్‌ల పేర్లతోని.