రాత్రి బస్సుల్లో మంటలు: లోపం ఎక్కడుంది?

ప్రశ్న: 2013 అక్టోబరులో పాలెం వద్ద 45 మంది సజీవదహనమయ్యారు. 2025 అక్టోబరులో, అదే హైదరాబాద్–బెంగళూరు రహదారిపై, కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద మళ్లీ అదే ఘోరం జరిగింది. ఈ పన్నెండేళ్లలో మారిందేమిటి?

జవాబు 1: పాలెంలో కల్వర్టును ఢీకొన్న బస్సు డీజిల్ ట్యాంకు పగిలింది, చిన్నటేకూరులో బస్సు కింద చిక్కుకున్న మోటారు సైకిలును ఈడ్చుకుపోవడంతో మంటలు లేచాయి. కారణాలు వేరైనా, కిటికీలు తెరుచుకోని ఏసీ బస్సులో తలుపు బిగుసుకుంటే అద్దం పగలగొట్టడం తప్ప దారి ఉండదు.

జవాబు 2: గత నెల నేనెక్కిన స్లీపరు బస్సులో అద్దం పగలగొట్టే సుత్తి లేదు, దాని కొక్కెం మాత్రమే మిగిలింది; అత్యవసర ద్వారానికి అడ్డంగా పార్సిల్ మూటలున్నాయి. అడిగితే క్లీనరు నవ్వాడు.

జవాబు 3: మంటల సంగతి సరే, కొండగట్టును మరవకండి. 2018 సెప్టెంబరు 11న ఘాట్ దిగుతూ లోయలో పడిన బస్సులో పరిమితికి మించి జనం ఉన్నారు. 60 మందికి పైగా మరణించారు.