ఓటీజీలో కింది రాడ్లు వేడెక్కట్లేదు: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

గోధుమరవ్వ:
మాది 40 లీటర్ల ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన కరెంటు ఓవెన్), 2000 వాట్లు, కొని ఆరేళ్లయింది. వారం నుంచి కింది రాడ్లు రెండూ ఎర్రబడట్లేదు. పైవి బాగానే వెలుగుతున్నాయి. 180 దగ్గర పెట్టినా కేకు పైన మాడుతోంది, అడుగు పచ్చిగానే ఉంటోంది. కంపెనీ సర్వీసు వాళ్లు ఈ మోడల్ పార్టులు రావట్లేదు, కొత్తది తీసుకోండి అన్నారు. మా దగ్గరి మెకానిక్ నాలుగు రాడ్లూ, థర్మోస్టాటూ (వేడిని అదుపు చేసేది) మార్చాలి, మొత్తం 1,800 అంటున్నాడు. ఇలాంటిదే కొత్తది 9,000 దాకా ఉంది. కేకు ఆర్డర్లు ఉన్నాయి, ఎక్కువ రోజులు ఆపలేను. ఏం చేయమంటారు?

మల్టీమీటర్:
ధర సంగతి తర్వాత చూద్దామండీ, ముందు ఏది పోయిందో తేలాలి. రెండు రాడ్లూ ఒకేసారి చల్లబడ్డాయంటే రెండూ పోయాయని కాదు. చాలా ఓటీజీల్లో కింది రెండింటినీ సిరీస్‌లో కలుపుతారు, పైరెండూ అంతే. పండగ సీరియల్ బల్బుల దండలాగా ఒకటి తెగితే పక్కదీ ఆరిపోతుంది. మీ దాంట్లో దాదాపు ఖాయంగా ఒక్క రాడ్డే తెగి ఉంటుంది. లేదంటే సెలెక్టర్ స్విచ్ (ఏ రాడ్లు వెలగాలో ఎంచుకునే నాబు) దగ్గర వైరు కాలి ఉంటుంది.

చూసే పద్ధతి ఇది. ప్లగ్ పీకేసి గంట ఆరనివ్వండి. వెనక రేకు, నాబులున్న వైపు పక్క రేకు స్క్రూలు తీయండి. ఏ వైరూ కదపకముందే ఫోన్‌లో నాలుగైదు ఫోటోలు తీసుకోండి, తర్వాత అవే దారి చూపిస్తాయి. ఒక్కో రాడ్డుకి ఒక వైపు వైరు విప్పి, మల్టీమీటరు 200 ఓమ్స్ దగ్గర పెట్టి రెండు కొసల మధ్య కొలవండి. 2000 వాట్ల ఓటీజీలో నాలుగు రాడ్లు 500 వాట్ల చొప్పున, జతలు సిరీస్‌లో ఉంటే ఒక్కో రాడ్డుకి వచ్చేది 115 వోల్టులే. అంటే రెసిస్టెన్స్ 26, 27 ఓమ్స్ దగ్గర ఉండాలి. ఏమీ చూపించకపోతే లోపలి తీగ తెగినట్టే.

తర్వాత మీటరు పెద్ద రేంజిలో పెట్టి రాడ్డు కొసకీ, అదే రాడ్డు మీద తొడుగులా ఉన్న లోహపు గొట్టానికీ మధ్య కొలవండి. అక్కడ ఏమీ చూపించకూడదు. చూపిస్తే రాడ్డు బాడీకి కరెంటు ఇస్తోందని అర్థం, అది వాడకూడదు.

రాడ్లు రెండూ మంచివేనని తేలితే సెలెక్టర్ స్విచ్ లగ్గులు (వైరు కొసన ఉండే లోహపు బిళ్లలు) చూడండి. గోధుమరంగుకి మారి వదులైనది కనిపిస్తే తప్పు అక్కడిదే.

ఈస్ట్‌పెరుగు:
థర్మోస్టాట్ మార్చడానికి మాత్రం ఇప్పుడే ఒప్పుకోకండి. కింది రాడ్లు చచ్చిపోతే ఓవెన్‌లో సగం పవరే మిగులుతుంది. థర్మోస్టాట్ ఉన్న చోటికి వేడి చేరడానికి చాలా సమయం పడుతుంది, అందాకా పై రాడ్లు ఆగకుండా మండుతూనే ఉంటాయి. కేకు పైన మాడేది అందుకే. థర్మోస్టాట్ చెడిపోతే కనిపించే లక్షణం కూడా ఇదే కనుక మెకానిక్ దాన్నీ బిల్లులో కలిపేశాడు.

రాడ్లు బాగయ్యాక చూసుకోండి. ఓవెన్ థర్మామీటర్‌ను మధ్య అరమీద పెట్టి, 180కి తిప్పి ఖాళీగా 25 నిమిషాలు వేడిచేయండి. ఆ తర్వాత రాడ్లు ఆగి, మళ్లీ వెలిగే మూడు సార్లలో పై అంకె, కింది అంకె రాసుకుని సగటు తీయండి. సగటు 200 వచ్చినా పర్లేదు, నాబును 160 దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. 200కి వెళ్లి 150కి పడిపోతూ ఊగుతుంటే థర్మోస్టాట్ సరిగా పనిచేయట్లేదన్నమాట, రాడ్లు అసలు ఆగకుండా ఎక్కుతూనే ఉంటే దాని లోపల కరెంటు కలిపే కాంటాక్టులు అతుక్కున్నట్టే. అప్పుడు మార్చక తప్పదు, ఆ స్థితిలో గమనించకుండా వదిలితే ప్రమాదం.

గోధుమరవ్వ:
చాలా థాంక్సండీ. మా తమ్ముడి చేత తీయించాను. కింద ఎడమ రాడ్డు ఏమీ చూపించట్లేదు, కుడిది 27. పైవి రెండూ 26. బాడీకి లీకేజీ ఏ దాంట్లోనూ లేదు. వైర్లు శుభ్రంగా ఉన్నాయి. దుకాణంలో అదే పొడవున్న 500 వాట్ల రాడ్డు ఇచ్చారు, 230 వోల్టులని రాసుంది. వేసేయొచ్చా?

మల్టీమీటర్:
వేయకండి. అందరూ దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. 230 వోల్టులకి తయారైన 500 వాట్ల రాడ్డు రెసిస్టెన్స్ 106 ఓమ్స్. దాన్ని మీ 27తో సిరీస్‌లో కలిపితే మొత్తం 133. కింది జతకి రావాల్సిన 1000 వాట్ల బదులు దాదాపు 400 మాత్రమే వస్తుంది. అందులోనూ కొత్తది 320 దాకా లాగేసుకుంటుంది, పాతదానికి మిగిలేది 80. కేకు ఒక వైపు కాలుతుంది, రెండో వైపు కాలదు. రాడ్డు కొత్తదే కదా, ఇంకేం పోయింది అని వెతుక్కుంటూ కూర్చుంటారు.

115 వోల్టుల 500 వాట్ల రాడ్డు అడగండి. దుకాణంలోనే కొలిచి 25 నుంచి 28 ఓమ్స్ మధ్య ఉన్నదే తీసుకోండి. వీలైతే రెండు కొని కింది జత మొత్తం మార్చేయండి, పాతదానికీ ఆరేళ్లు నిండాయి. పొడవుతో పాటు గొట్టం లావు, కొసన ఉన్న పింగాణీ టోపీ కూడా సరిపోవాలి. హైదరాబాద్‌లో అయితే ట్రూప్ బజార్, రాణిగంజ్ వైపు పాత రాడ్డు చేతిలో పట్టుకుని వెళ్లి వెతకండి.

వైరు తెగితే మామూలు పీవీసీ వైరు ముక్క, ఇన్సులేషన్ టేపు వేయనివ్వకండి, ఆ వేడికి కరిగిపోతాయి. ఫైబర్ గ్లాస్ తొడుగున్న వైరే కావాలి. సోల్డర్ కూడా వద్దు, మామూలు తగరం-సీసం సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది. లగ్గుని వైరు మీద గట్టిగా నొక్కి క్రింప్ చేయించండి.

పాతసామాన్లు:
నేనైతే ఆరేళ్ల ఓటీజీకి ఒక్క రాడ్డు కోసం 9,000 పెట్టను. కానీ రేకులు విప్పే ఉన్నాయి కాబట్టి ఇవి కూడా చూడండి. లోపలి గోడలకి తుప్పుపట్టి చిల్లులు పడ్డాయా? తలుపు మూస్తే పైన సందు ఉంటోందా? అద్దం మీద చిన్నదైనా బీట ఉందా? తలుపు స్ప్రింగు మార్చొచ్చు. చిల్లులు పడ్డ బాడీకి, బీటలిచ్చిన అద్దానికి డబ్బు పెట్టడం మాత్రం దండగ, అప్పుడు కొత్తదే కొనండి. సర్వీసు వాళ్లు పార్టులు లేవన్నారని పారేయక్కర్లేదు. రాడ్డు, థర్మోస్టాట్, టైమర్, సెలెక్టర్ మామూలుగా బయట దొరికే సామానే.

ఇంకోటి, ఓవెన్ ప్లగ్ దేనికి గుచ్చుతున్నారు? 2000 వాట్లంటే 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు. 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెడితే ప్లగ్ వేడెక్కి కరుగుతుంది. గోడలో ఎర్త్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి.

ఈస్ట్‌పెరుగు:
కింది రాడ్లే ముందు పోవడానికి మామూలుగా ఒక కారణం ఉంటుంది. ట్రే తుడిచే పని తప్పుతుందని కింద అల్యూమినియం ఫాయిల్ పరుస్తారు. అది వేడిని తిరిగి రాడ్డు మీదకే కొట్టి దాన్ని అతిగా కాలుస్తుంది. కారిన వెన్న, పాకం మాడి అంటుకోవడం, ఎర్రగా ఉన్న రాడ్డు మీద నీళ్లు చిందడం కూడా దెబ్బే. ఫాయిల్ ఉంటే తీసేయండి.

కొత్త రాడ్లు వేశాక కేకు పెట్టే ముందు కిటికీలు తెరిచి 200 దగ్గర 20 నిమిషాలు ఖాళీగా కాల్చండి, మొదట్లో పొగ వస్తుంది. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉండి అప్పుడు ట్రిప్ అయితే కంగారు పడకండి. రాడ్డు లోపల ఉండే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, వానాకాలంలో దుకాణంలో ఉన్నప్పుడు తేమ పీల్చుకుని ఉండొచ్చు. రాడ్లు విప్పి రెండు రోజులు మంచి ఎండలో పెట్టి, బాడీ లీకేజీ మళ్లీ కొలవండి. అయినా ట్రిప్ అవుతుంటే రాడ్డు దుకాణానికి వాపసు ఇచ్చేయండి. ఆర్‌సీసీబీని తప్పించి మాత్రం వాడొద్దు.