అప్‌డేట్: కోర్ 2 డ్యుయోలో విండోస్ 11 ఎందుకు ఎక్కలేదో తెలిసింది

కోర్ 2 డ్యుయో అనే పాత ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న నాన్నగారి కంప్యూటర్‌లో విండోస్ 11లోని 24హెచ్2 అనే వెర్షన్ ఎక్కించబోతే లోగో దగ్గరే ఆగిపోతోందని గత నెల ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. తిరుపతిలో కంప్యూటర్లు మరమ్మతు చేసే ఒకాయన పరిశీలించి, ఈ వెర్షన్‌కు తప్పనిసరైన పాప్‌కౌంట్ అనే ఆదేశం ఆ ప్రాసెసర్‌లోనే లేదని, కాబట్టి టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా చిప్) తనిఖీని తప్పించినా, పెన్‌డ్రైవ్ మార్చినా, ర్యామ్ పెంచినా ఫలితం ఉండదని తేల్చారు. నేను పది రోజులు ఆ ప్రయత్నాలతోనే గడిపాను, ఇదే సమస్య ఉన్నవారు దయచేసి ముందుగా ప్రాసెసర్‌ను చూసుకోండి. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినందున దానికి తిరిగి వెళ్లడం నాకు ఇష్టం లేకపోయింది. చివరికి పనిచేసినది, హార్డ్‌డిస్క్ తీసి దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ పెట్టి, విండోస్‌కు బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించమన్న సలహా. ఉన్న 4 జీబీ ర్యామ్‌తోనే నాన్నగారు తెలుగులో హాయిగా టైపు చేసుకుంటున్నారు. పాత ప్రింటర్ కూడా విడిగా డ్రైవర్ వేయకుండానే పనిచేసింది.