సమస్య: "చచ్చినట్టి తార వచ్చి నవ్వె"

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది, ఇచ్చిన సమస్య చివరి పాదంగా రావాలి. పాత తారల మీద తీసిన సినిమాలు, వాళ్లు రాసుకున్న పుస్తకాలు, పాటలు, ఏదైనా సరే. చ-వలకు యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరం కలవడం) ఎక్కడుందని గొడవపడకండి, చచ్చి-వచ్చి ప్రాసయతి, రెండో అక్షరాలు కలిస్తే చాలు.

కొత్తకలం:
వెండితెరకు నేడు వేరొక కన్నియ
నిండుగాను తాను నేర్చి నటన
నాటి నడక తెచ్చి నయముగా చూపగా
చచ్చినట్టి తార వచ్చి నవ్వె.

సావిత్రిగారు 1981లో పోయారు, 'మహానటి' 2018లో వచ్చింది. 'మాయాబజార్'లో శశిరేఖ రూపం ఎత్తిన ఘటోత్కచుడి ఆ నడకను కీర్తి సురేష్ మళ్లీ నడిచి చూపిస్తే మా అమ్మ హాల్లోనే చప్పట్లు కొట్టింది. "చచ్చిన" అన్న మాట మాత్రం ఆవిడ ముందు చదవలేకపోయాను.

పాతపంతులు: నడకను పట్టుకోవడం బాగుంది తమ్ముడూ. కానీ "గాను తాను" రెండూ గణాల కోసం తెచ్చిన అద్దె మాటలు. పైగా "చూపగా" ద్రుతాంతం, అంటే చివర నకారం దాగి ఉంది, దాని తర్వాత "చచ్చి" కాస్తా "జచ్చి" అవ్వాలి. సమస్యనే మార్చేస్తే ఎలా?

కొత్తకలం: తప్పే మాస్టారూ. "నిండు మనసుతోడ నేర్చి నటన / నాటి నడక తెచ్చి నయముగా నిలిపె, నా" అంటే?

పాతపంతులు: అలా అను! "ఆ చచ్చినట్టి తార" అని అన్వయం కూడా కుదిరింది.

రేడియో అక్క:
పుటలు తెరచినంత పొగరైన పలుకుతో
భానుమతియె నేడు ప్రక్కఁ జేరి
యత్తగారి కబురులాడెను కాదె, యా
చచ్చినట్టి తార వచ్చి నవ్వె.

కొత్తకలం: అక్కా, ఆ పుటలు 'నాలో నేను'వా, 'అత్తగారి కథల'వా? ఒకటి ఆత్మకథ, రెండోది కల్పన.

రేడియో అక్క: దొరికిపోయాను. చదివింది ఆత్మకథే. అయినా ఆవిడ ఏం రాసినా ఆ అత్తగారి గొంతే వినిపిస్తుంది, ఏం చెయ్యను? పొగరు అన్నది మాత్రం తిట్టు కాదు. 1955 'మిస్సమ్మ'లో ఆవిడ మీద కొంత తీశాక ఆ వేషం సావిత్రికి వెళ్లింది, సావిత్రి వెయ్యాల్సింది జమునకు. ఇక్కడా ఒకే పాదానికి ఇద్దరూ వచ్చారు చూడండి!

అరిగినటేపు:
పాత టేపులోని పంచమమే పోయె
ఘంటసాల గొంతు కరగె ననగ
మనుమడొకడు దాని మరల శుభ్రము చేసె
చచ్చినట్టి తార వచ్చి నవ్వె.

నా తార సినిమా తార కాదు, తారస్థాయి, అంటే పై స్థాయి స్వరాలు. టేపు అరిగితే ముందు పోయేవి ఆ పై శబ్దాలే. మావాడు కంప్యూటర్లో ఏదో చేసి వినిపిస్తే, ఇన్నేళ్లూ నేను విన్నది సగం పాటేనని తెలిసింది. 1957 'మాయాబజార్'కు 2010లో రంగులు వేసినప్పుడు అందరూ రంగుల గురించే మాట్లాడారు. కొత్తగా చేసిన శబ్దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

పాతపంతులు: సమస్యను విరిచిన తీరు అద్భుతం! కానీ పంచమ స్వరం మంద్రంలోనూ (కింది స్థాయిలోనూ) ఉంటుంది, పోయింది తారస్థాయి అని ఎలా తెలుస్తుంది?

అరిగినటేపు: "పాత టేపులోని పై షడ్జమే పోయె". పా-పై యతి, గణాలూ సరిపోయాయి.

నిర్వాహకుడు: ఈ వారం నా ఓటు టేపుగారికే. రేడియో అక్క రెండో పుస్తకం సంగతి తేల్చి సవరించిన పద్యం పెట్టాలి.

రేడియో అక్క: ముందు ఆ టేపు పాట పంపమనండి, తర్వాత చూద్దాం.