ఇల్లు మారాక ఆంప్లిఫయర్ ఆన్ చేసే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న:
ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు, సబ్‌వూఫర్ కొత్త ఇంటికి చేరాయి. వైర్లన్నీ ఊడదీసి తెచ్చినవే. ఒక స్పీకర్‌కి ఈసారి 12 మీటర్ల వైరు కావాలి. పవర్ ఇచ్చే ముందు ఏమేం చూసుకోవాలండీ?

జవాబు 1:
బండి దిగిన వెంటనే ప్లగ్గు పెట్టకండి. చల్లటి చోటి నుంచి వెచ్చటి గదిలోకొస్తే లోపల తేమ పడుతుంది. నాలుగైదు గంటలు వదిలేయండి.

తర్వాత స్పీకర్ వైర్లు, ప్లగ్గు తీసే ఉంచి. పాత కొసలు కత్తిరించి, ఓ సెంటీమీటరు మేర తొడుగు తీసి, రాగి పోగుల్ని గట్టిగా మెలిపెట్టండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా షార్టే; ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోవచ్చు. 12 మీటర్లకి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. రెండోదానికీ అంతే పొడవు ఉండాలన్నది ఉత్త చాదస్తం.

జవాబు 2:
ప్లస్, మైనస్ ఒకదానికి తారుమారైతే ఏదీ కాలదు గానీ బేస్ పల్చబడుతుంది. అనుమానముంటే వైరును ఆంప్ నుంచి తీసేసి, కొసలకి 1.5 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కి ప్లస్ అయితే స్పీకర్‌లోని వూఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) సాధారణంగా బయటికి కదులుతుంది.

అడిగినవారు:
అన్నీ కలిపాక సబ్‌వూఫర్ గుంయ్‌మంటోంది. ఎర్త్ పిన్ తీసేస్తే పోతుందంటున్నారు?

జవాబు 1:
ఆ పని మాత్రం వద్దు! లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే బాడీకే కరెంటొస్తుంది. సబ్, ఆంప్ రెండింటికీ ఒకే బోర్డు నుంచి పవర్ ఇవ్వండి. తగ్గకపోతే కేబుల్ టీవీ వైరు పీకి చూడండి, చాలాసార్లు దొంగ అదే. మోత ఆగితే ఆ వైరుకి ఐసొలేటర్ (సిగ్నల్‌ని వదిలి, మోత తెచ్చే ఎర్త్ కలయికను తెంచే చిన్న పరికరం) పెట్టించండి.