అప్‌గ్రేడ్ తర్వాత మార్క్ పడుతోంది, ప్యాకెట్ మాత్రం రెండో లింక్‌కి వెళ్లట్లేదు

రాత్రిషిఫ్ట్:
నమస్తే అందరికీ. మా గేట్‌వే లినక్స్ బాక్స్‌కి రెండు లైన్లు. మామూలు ట్రాఫిక్ ఈథ్0 మీద, బ్యాకప్ మెషీన్ నుంచి వచ్చేది మాత్రం ఈథ్1 మీద వెళ్లాలి. ప్యాకెట్ రాగానే, దారి ఎంచుకోకముందే నడిచే ప్రీరౌటింగ్ దశలో దానికి మార్క్ 2 అనే గుర్తు వేస్తాం, మార్క్ 2 ఉంటే రౌటింగ్ టేబుల్ 200 చూడమని ఒక ఐపీ రూల్, ఆ టేబుల్‌లో ఈథ్1 గేట్‌వేకి డిఫాల్ట్ రూట్. ఇన్నాళ్లూ ఇబ్బంది లేదు. నిన్న డిస్ట్రో అప్‌గ్రేడ్ చేసి, పాత ఐపీటేబుల్స్ ఫైర్‌వాల్ రూల్స్‌ని దాని బదులొచ్చిన ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో నా చేత్తోనే తిరగరాశాను. ఇప్పుడు అంతా ఈథ్0 లోంచే పోతోంది. మార్క్ రూల్ కౌంటర్ మాత్రం పెరుగుతూనే ఉంది. ఫైర్‌వాల్ ఫైలు నాలుగుసార్లు చదివాను, తప్పెక్కడో దొరకట్లేదు.

దారిచూపు:
కౌంటర్ పెరుగుతోందంటే ఫైర్‌వాల్ తన పని తాను చేసినట్టే, ఇక ఆ ఫైలు పక్కన పెట్టండి. మార్క్ ప్యాకెట్ లోపల ఉండదు. కెర్నెల్ తన దగ్గర ఉంచుకునే గుర్తు అది, వైర్ మీదకి వెళ్లదు, వచ్చిపోయే ప్యాకెట్లు చూపించే టీసీపీడంప్‌లో కనపడదు. దాన్ని చూసి దారి మార్చాల్సింది ఐపీ రూల్. ముందు 'ఐపీ రూల్ షో', తర్వాత 'ఐపీ రూట్ షో టేబుల్ 200' కొట్టండి. ఆ తర్వాత బ్యాకప్ సర్వర్ అడ్రస్ ఇచ్చి, చివర 'మార్క్ 2' అని చేర్చి 'ఐపీ రూట్ గెట్' అడగండి. ఫైర్‌వాల్ ప్రమేయం లేకుండా కెర్నెల్ ఏ దారి ఎంచుకుంటుందో అది చెప్పేస్తుంది.

రాత్రిషిఫ్ట్:
ఇదీ వచ్చింది:
0: ఫ్రమ్ ఆల్ లుకప్ లోకల్
32766: ఫ్రమ్ ఆల్ లుకప్ మెయిన్
32767: ఫ్రమ్ ఆల్ లుకప్ డిఫాల్ట్
నా రూలే లేదు! బూట్ స్క్రిప్ట్‌లో ఉంది, స్క్రిప్ట్ ఎర్రర్ లేకుండా నడిచినట్టు లాగ్‌లోనూ ఉంది. చేత్తో కలిపితే వచ్చింది. కానీ ఇంకో పని మీద, నెట్‌వర్క్ సెట్టింగ్స్ చూసుకునే సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే మళ్లీ మాయం.

కేబుల్‌గది:
ఇదే దెబ్బ నేనూ తిన్నాను, ఒక రాత్రంతా పోయింది. నెట్‌వర్క్‌డీ తాను పెట్టని పాలసీ రూల్స్‌ని (అంటే ఈ ఐపీ రూల్స్‌నే) పరాయివిగా లెక్కేసి, మొదలయ్యేటప్పుడు తీసేస్తుంది. నెట్‌వర్క్‌డీ కాన్ఫ్‌లో 'మేనేజ్ ఫారిన్ రౌటింగ్ పాలసీ రూల్స్' అనే ఆప్షన్ ఉంది, డిఫాల్ట్ 'యెస్'. దాన్ని 'నో' చేస్తే మీ స్క్రిప్ట్ రూల్ నిలుస్తుంది. నన్నడిగితే స్క్రిప్టే వద్దు. ఈథ్1 నెట్‌వర్క్ ఫైల్లో 'రౌటింగ్ పాలసీ రూల్' సెక్షన్ రాసేయండి, రూల్ బాధ్యత ఒక్కరి చేతిలోనే ఉంటుంది.

టేబుల్ పేర్లు వాడేవాళ్లకి ఒక మాట. 'ఐపీ' కమాండ్ ఉండే ఐపీరూట్2 ప్యాకేజీ కొత్త వెర్షన్లలో, టేబుల్ పేర్లు రాసుండే ఆర్టీ టేబుల్స్ ఫైలు ఈటీసీ నుంచి యూఎస్ఆర్ కిందకి మారింది. అప్‌గ్రేడ్‌లో మీ సొంత పేరు పోతే 'ఇన్‌వాలిడ్ టేబుల్ ఐడీ' అని ఆగిపోతుంది. నంబర్ వాడితే ఈ బెడద ఉండదు.

రాత్రిషిఫ్ట్:
కేబుల్‌గది గారూ, నెట్‌వర్క్ ఫైల్లో రాశాను, రూల్ నిలిచింది. చాలా థ్యాంక్స్ అండీ. ఇప్పుడు ఇంకో చిక్కు. టీసీపీడంప్‌లో ఈథ్1 మీద సిన్ (కనెక్షన్ మొదలుపెట్టే ప్యాకెట్) వెళ్తోంది, దానికి జవాబు సిన్-యాక్ తిరిగి వస్తోంది కూడా, కళ్లారా చూస్తున్నాను. కానీ అది బ్యాకప్ మెషీన్‌కి చేరట్లేదు. బాక్స్ గుండా దాటిపోయే ప్యాకెట్లని చూసే ఫార్వర్డ్ చైన్ కౌంటర్‌లోనూ లేదు.

దారిచూపు:
ఇది ఆర్పీ ఫిల్టర్ పని, అంటే ప్యాకెట్ సరైన ఇంటర్‌ఫేస్ మీదే వచ్చిందా అని కెర్నెల్ చేసే తనిఖీ. టీసీపీడంప్ చూసేది కార్డ్ దగ్గర, ఈ తనిఖీ జరిగేది ఆ తర్వాత రౌటింగ్ దగ్గర, అందుకే వచ్చినట్టు కనపడి మాయమవుతుంది. విలువ 1 అయితే (స్ట్రిక్ట్ మోడ్) కెర్నెల్ 'ఈ అడ్రస్‌కి నేను పంపాల్సొస్తే ఏ ఇంటర్‌ఫేస్ వాడతాను?' అని చూసుకుంటుంది. తిరుగు ప్యాకెట్‌కి మార్క్ లేదు కాబట్టి మెయిన్ టేబుల్ ఈథ్0 అంటుంది. వచ్చింది ఈథ్1 మీద, పారేస్తుంది. 'లాగ్ మార్షియన్స్' ఆన్ చేస్తే కెర్నెల్ లాగ్ చూపించే డీమెసేజ్‌లో 'మార్షియన్ సోర్స్' అని పడుతుంది, రుజువు చేసుకోండి.

ఈథ్1కి 2 పెట్టండి, అది లూజ్ మోడ్, ఏ ఇంటర్‌ఫేస్ లోంచైనా ఆ అడ్రస్‌కి దారి ఉంటే చాలు. 0 పెట్టి ఊరుకోకండి: 'ఆల్' విలువ, ఇంటర్‌ఫేస్ విలువ రెండిట్లో పెద్దదే చెల్లుతుంది. 'ఆల్' 1 ఉంటే మీ 0కి విలువ లేదు.

వైర్‌గార్డ్‌వాడు:
స్ట్రిక్ట్ మోడ్ వదులుకోవడం ఇష్టం లేకపోతే, ప్రీరౌటింగ్‌లో కనెక్షన్ మార్క్‌ని (మొత్తం కనెక్షన్‌కి కెర్నెల్ గుర్తుంచుకునే మార్క్) తిరుగు ప్యాకెట్ మీదకి తెచ్చి 'ఎస్ఆర్‌సీ వ్యాలిడ్ మార్క్' 1 చెయ్యచ్చు. అప్పుడు తనిఖీ కూడా మార్క్ చూసి టేబుల్ 200 ప్రకారమే జరుగుతుంది. కానీ జాగ్రత్త. అదే మార్క్‌తో రౌటింగ్ కూడా జరుగుతుంది కదా! టేబుల్ 200లో డిఫాల్ట్ రూట్ ఒక్కటే ఉంటే, లోపలికి రావాల్సిన జవాబు మళ్లీ ఈథ్1 లోంచి బయటికే పోతుంది. లోపలి నెట్‌వర్క్ రూట్ కూడా ఆ టేబుల్‌లో ఉండాలి. నేను దీని మీద రెండు రోజులు పోగొట్టుకున్నాను.

ఇంకోటి, మార్క్ వేసేటప్పుడు మాస్క్ (ఏ బిట్లు మార్చాలో చెప్పేది) వాడండి. మార్క్ అంటే 32 బిట్ల ఒకే గడి, అందరూ పంచుకునేది. కంటైనర్లు నడిపే కుబర్నెటీస్‌లోని కూబ్-ప్రాక్సీ, మాస్కరేడ్ (బయటికెళ్లే ప్యాకెట్ సోర్స్ అడ్రస్ మార్చడం) కోసం డిఫాల్ట్‌గా 14వ బిట్ వాడుకుంటుంది. మాస్క్ లేకుండా రాస్తే మొత్తం చెరిపేస్తారు.

రాత్రిషిఫ్ట్:
2 పెట్టగానే బ్యాకప్ కదిలింది! ఇంకొక్కటి మిగిలింది. గేట్‌వే మీద నుంచే నడిచే సింక్ స్క్రిప్ట్ మాత్రం ఈథ్0నే పట్టుకుంది. అవుట్‌పుట్ చైన్‌లో మార్క్ రూల్ ఉంది, దాని కౌంటర్ కూడా పెరుగుతోంది.

కేబుల్‌గది:
ఆ చైన్ మొదటి లైన్ పెట్టండి.

రాత్రిషిఫ్ట్:
'టైప్ ఫిల్టర్ హుక్ అవుట్‌పుట్ ప్రయారిటీ -150'.

కేబుల్‌గది:
అక్కడే ఉంది. సొంత మెషీన్‌లో పుట్టిన ప్యాకెట్‌కి అవుట్‌పుట్ హుక్‌కి ముందే దారి ఖాయమైపోతుంది. పాత ఐపీటేబుల్స్‌లో మాంగిల్ టేబుల్ అవుట్‌పుట్ చైన్, మార్క్ మారితే మళ్లీ రౌటింగ్ అడిగేది. ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో ఆ పని 'టైప్ రూట్' చైన్‌దే, 'టైప్ ఫిల్టర్' మార్క్ వేసి వదిలేస్తుంది. పాత చైన్ తీసేసి 'టైప్ రూట్'గా మళ్లీ సృష్టించండి. సోర్స్ అడ్రస్ కూడా మొదటి లుకప్‌లోనే ఈథ్0ది అయిపోయి ఉంటుంది, కాబట్టి ఈథ్1 బయటికి మాస్కరేడ్ తప్పనిసరి.

రాత్రిషిఫ్ట్:
మాస్కరేడ్ ముందే ఉంది. చైన్ మార్చాను, సింక్ ఈథ్1 మీద వెళ్తోంది. రీబూట్ చేశాను, నెట్‌వర్క్‌డీ రెండుసార్లు రీస్టార్ట్ చేశాను, అన్నీ నిలిచాయి. ఆర్పీ ఫిల్టర్ సిస్‌కంట్రోల్ (కెర్నెల్ సెట్టింగ్) విలువని ఫైల్లో రాసి పెట్టాను. పాత రూల్స్ లెగసీ ఐపీటేబుల్స్‌లో ఇంకా ఉన్నాయేమో ఎలా చూడాలి?

దారిచూపు:
'ఐపీటేబుల్స్ లెగసీ సేవ్' కొట్టండి. ఏమైనా వస్తే అవీ పనిచేస్తున్నట్టే, ఎన్ఎఫ్‌టీ లిస్ట్ రూల్‌సెట్‌లో అవి కనపడవు. మాంగిల్ టేబుల్‌లో మార్క్ రూల్ మిగిలి ఉంటే ముందు దాన్ని ఫ్లష్ చేయండి.